మరి దానికేమీ లేదా?

ఒక మసలాకు చెప్పిన జవాబు కితాబుల ప్రకారం సరిగ్గానే ఉండి కూడా, చెప్పినవాడు అల్లాహ్ సన్నిధిలో దోషిగా నిలబడే అవకాశం ఉందా? మదరసాలో చదువుకునే రోజుల్లో ఎవరైనా ఈ మాట అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. జవాబు సరైనదైతే చెప్పినవాడికి పుణ్యం, అంతటితో సరి అనుకునేవాణ్ణి. కానీ 2016 చివర్లో తాటిపాకలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని నేను చెప్పిన జవాబు ఒకటి ఇప్పటికీ నా వెంట వస్తూనే ఉంది. అది ఒక గుర్రం గురించినది. ఆ గుర్రం యజమాని నాకు స్వారీ నేర్పిన గురువు. వయసులో మా నాన్నగారికన్నా పెద్దవాడైనా నాకు స్నేహితుడు.

మరణించినవారి మంచిని తలచుకోండి, వారి లోపాల జోలికి పోకండి అని మన ప్రవక్త (స) బోధించారు. కాబట్టి ముందుగా ఆయన మంచి గురించే చెబుతాను. లోపం మాటకొస్తే, ఈ వ్యాసంలో ఉన్న లోపం నాది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఊళ్ళో చాలామంది గుర్తుపట్టరు. అందరికీ ఆయన ‘జట్కా సాయిబు’. నాకు మాత్రం చాచా. తాటిపాక సెంటర్లో బస్సు దిగినవాళ్ళను లోపలి ఊళ్ళకు చేర్చడం, కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు తోలడం ఆయన వృత్తి. పురిటికి పుట్టింటికి వచ్చే మన ఆడపిల్లల కోసం జట్కాకు నాలుగువైపులా తెర కట్టేవాడు. అలా తీసుకొచ్చిన వాళ్ళ దగ్గర కిరాయి బేరమాడేవాడు కాదు, ఇచ్చింది పుచ్చుకునేవాడు. ఆ తర్వాత ఆటోలు వచ్చాయి. మా నేల అడుగున చమురు, గ్యాసు ఉన్నాయని ముందే తెలుసు. 2001లో తాటిపాకలోనే ఓఎన్‌జీసీ వారి చిన్న రిఫైనరీ కూడా మొదలైంది. సూరా నహల్‌లో అల్లాహ్ గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీ కోసం, శోభ కోసం సృష్టించానని చెప్పి, ఆ వెంటనే మీకు తెలియనివాటిని కూడా సృష్టిస్తానని అంటాడు. తర్వాతి కాలపు వ్యాఖ్యాతలు ఈ మాటలో మోటారు బండ్లను, రైళ్ళను, విమానాలను చూశారు. ఆ ఆయతు చదివినప్పుడల్లా నాకు తాటిపాక సెంటరే గుర్తొస్తుంది. ఆయతులో గుర్రం ముందుంది, తెలియనిది తర్వాత ఉంది. మా సెంటర్లో వరసగా నిలబడ్డ ఆటోల చివర చాచా జట్కా ఒక్కటే మిగిలింది.

2003 వేసవిలో, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, ఆయన దగ్గర స్వారీ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఆ ఏడాదే నన్ను హైదరాబాదులో మదరసాకు పంపాలని ఇంట్లో నిర్ణయమైంది. వెళ్ళేలోగా గుర్రమెక్కాలి, అదీ పంతం. అప్పటికి ఆయన కొత్తగా ఒక ఆడగుర్రాన్ని కొన్నాడు. మూడేళ్ళది, గోధుమ రంగు, నుదుట తెల్లచుక్క. దానికి మోతీ అని పేరు పెట్టాడు. మొదటి పన్నెండు రోజులు నన్ను ఎక్కనివ్వలేదు. పొద్దున్నే వెళ్ళి పాక శుభ్రం చేయాలి, ఖరారా చేయాలి, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళూ మట్టీ తీయాలి, రాత్రి నానబెట్టిన ఉలవలు ఉడకబెట్టాలి. ఆ గుగ్గిళ్ళు చల్లారాయో లేదో నా చేయి పెట్టి చూసి మరీ దానికి పెట్టాలి. ‘నీకు కాలితే దానికీ కాలుతుంది’ అనేవాడు. పదమూడో రోజు గోనెపట్టా మడిచి వీపు మీద వేసి, ఎడమ పక్క నుంచి ఎక్కించి, ఏటిగట్టు మీద నడిపించాడు. జీనూ లేదు, రికాబూ లేదు. భయంతో పగ్గాలు గట్టిగా లాగాను. అది తల విదిలించింది.

‘‘ఒరేయ్ అబ్బాయ్, నీ చేతిలో ఉన్నది తాడు కాదురా, దాని నోరు’’ అన్నాడు.

స్వారీ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటే. తక్కినవి, మోకాళ్ళతో పట్టు నిలపడం, నడుము వదులుగా ఉంచడం, చూపు గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకు సారించడం, అన్నీ దాని వెనకాలే వచ్చాయి. తర్వాత మదరసాలో హదీసు పాఠంలో, మొండికేసిన ఒంటెను అటూ ఇటూ తిప్పుతున్న హజ్రత్ ఆయిషా (రజి)తో ప్రవక్త (స) మృదువుగా వ్యవహరించమని చెప్పిన సంఘటన వచ్చింది. నాకు చదవకముందే తెలిసినట్టు అనిపించింది. గుర్రానికి శిక్షణ ఇవ్వడాన్ని ప్రవక్త (స) వ్యర్థమైన ఆటల్లో చేర్చలేదని తెలిశాక, ఆ వేసవి గురించి నాకున్న బెరుకు కూడా పోయింది.

మన పెద్దలు గుర్రం మీద పుస్తకాలే రాశారు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు. ఉర్దూ కవి సఆదత్ యార్ ఖాన్ రంగీన్ ఫరస్‌నామా రాశాడు. చాచాకు చదువు రాదు. కానీ పేడ చూసి మోతీ కడుపులో ఏముందో చెప్పేవాడు.

అలాంటి చాచాను ఒకసారి నేను బాధపెట్టాను. మదరసాలో మూడో నాలుగో ఏడు చదువుతున్నాను, సెలవులకు వచ్చాను. మోతీకి కడుపుశూల వచ్చి పడి దొర్లుతుంటే, దాన్ని లేపి గంటల తరబడి నడిపిస్తూ ఆయన అసర్ నమాజు పోగొట్టుకున్నాడు. మగ్రిబ్ వేళకు మసీదుకొచ్చి, ‘‘మౌలీసాబ్, నాకు పాపమేనా?’’ అని అడిగాడు. అప్పటికి నేను మౌలానా కాలేదు, ఆయన ముద్దుకు అలా పిలిచేవాడు. నమాజు ఖజా చేయండి, తౌబా చేసుకోండి అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ కొత్త చదువు ఊరుకోనిస్తుందా? సూరా సాద్‌లోని హజ్రత్ సులైమాన్ (అ) వృత్తాంతం ఎత్తుకున్నాను. ఆయన మేలుజాతి గుర్రాలను చూస్తూ ఉండిపోయారు, సూర్యుడు అస్తమించాడు, నమాజు వేళ దాటిపోయింది, వెంటనే వాటిని తిరిగి రప్పించి కాళ్ళూ మెడలూ నరికేశారు, అల్లాహ్ ధ్యానం నుంచి మళ్ళించేదాన్ని ప్రవక్తలు అలా వదిలించుకుంటారు అని ఉపన్యాసమిచ్చాను.

చాచా కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘మరి గుర్రాలు చేసిన తప్పేంటి?’’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పెద్దలు చెప్పిన దాంట్లో ఇలాంటి ప్రశ్నలు వేయకూడదని ఏదో అన్నాను. చాలా ఏళ్ళకు ఇమామ్ తబరీ తఫ్సీరు తిరగేస్తుంటే ఆ ఆయతు దగ్గర ఆగిపోయాను. అక్కడ రెండు వ్యాఖ్యానాలున్నాయి. ఒకటి నేను చెప్పినది. రెండోది హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) నుంచి వచ్చినది: సులైమాన్ (అ) ప్రేమతో ఆ గుర్రాల మెడలనూ కాళ్ళనూ నిమిరారని. తబరీ ఈ రెండోదాన్నే ఎంచుకున్నారు. ఎందుకంటే తన దృష్టి మళ్ళినందుకు ఏ పాపమూ ఎరుగని జంతువును ఒక దైవప్రవక్త శిక్షిస్తారని ఆయన మనసు ఒప్పుకోలేదు. ఇబ్నె కసీర్ ఈ తర్కాన్ని అంగీకరించలేదు, మొదటి వ్యాఖ్యానం వైపే మొగ్గారు, అదీ చెప్పాలి. కానీ అక్షరం రాని జట్కా మనిషి మసీదు మెట్ల మీద అడిగిన ప్రశ్న, ముఫస్సిరుల ఇమామ్ వేసుకున్న ప్రశ్న ఒక్కటే కావడం చూసి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అప్పటికి చాచా లేడు. క్షమాపణ చెప్పుకునే వీలు లేకపోయింది.

ఇక్కడ 2014 గురించి చెప్పాలి. ఆ సంవత్సరం జూన్ 27, శుక్రవారం. రమజాన్ రెండు మూడు రోజుల్లో ఉంది. సెలవులకు వచ్చి ఊళ్ళోనే ఉన్నాను. ఫజ్ర్ అయిన కొంతసేపటికి, మాకు దగ్గర్లోనే ఉన్న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. ఆ ప్రమాదంలో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్ళు, కొబ్బరి చెట్లు, పశువులు కాలిపోయాయి. మా దగ్గర ఆకాశమంతా ఎర్రబడింది. ఏం జరిగిందో తెలియక జనం వీధుల్లోకి వచ్చారు. 1995లో పాశర్లపూడిలో చమురు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండటం చూసినవాళ్ళు, మళ్ళీ అదే అనుకుని పిల్లల్ని చంకనేసుకున్నారు. నేను చాచా ఇంటికి పరుగెత్తాను. ఆయన అప్పటికే పాకలో ఉన్నాడు. మోతీ కళ్ళు తేలేసి, కట్టుగొయ్య చుట్టూ తిరుగుతూ తాడు మెలిపెట్టుకుంటోంది. చాచా తాడు విప్పడమే కాదు, మెడలోంచి పూర్తిగా తీసేశాడు. అది ఒక్క ఉదుటున తోటల్లోకి పోయింది.

‘‘అదేంటి చాచా, ఎటు పోతుందో ఏమో’’ అన్నాను.

‘‘ఎటైనా పోనీ. మనం ఎంత దూరమైనా పరుగెత్తగలం. అది తాడు పొడవునే పరుగెత్తగలదు. కట్టింది నేను కదరా’’ అన్నాడు.

జుమా నమాజుకు బయల్దేరే వేళకు మోతీ తిరిగి వచ్చి, అదే కట్టుగొయ్య పక్కన నిలబడి ఉంది. సూరా ఆదియాత్‌లో అల్లాహ్ రొప్పుతూ పరుగెత్తే గుర్రాల మీద ప్రమాణం చేసి, ఆ తర్వాత మానవుడు తన ప్రభువు పట్ల కృతఘ్నుడని అంటాడు. ఈ రెంటికీ సంబంధం ఏమిటని విద్యార్థులు అడుగుతుంటారు. గుర్రం తనకు పిడికెడు దాణా పెట్టినవాణ్ణి గుర్తుపెట్టుకుంటుంది, మనిషి తనకు సర్వం ఇచ్చినవాణ్ణి మరిచిపోతాడు అని మన పెద్దలు వివరిస్తారు. ఆ మధ్యాహ్నం ఖుత్బా వింటున్నంతసేపూ నాకు మోతీయే కళ్ళ ముందుంది. అయితే ఆ రోజు నుంచి దానికి ఒక భయం పట్టుకుంది. దీపావళికి ఎక్కడో టపాకాయ పేలినా ఒళ్ళంతా వణికేది. ఆ రాత్రులు చాచా పాకలోనే పడుకునేవాడు.

పిల్లిని కట్టేసి నరకానికి పోయిన స్త్రీ గురించిన హదీసు మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాన్ని జంతువుల పట్ల క్రూరత్వానికి శిక్షగా చెబుతాం. నిజమే. కానీ హదీసులో ఆమె పిల్లిని కొట్టిందని లేదు. కట్టింది, తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతకడానికి వదలనూ లేదు. వీధిలో తిరిగే పిల్లులన్నింటి తిండీ ఆమె బాధ్యత కాదు. కట్టిన క్షణం నుంచి ఆ ఒక్క పిల్లి ఆకలి ఆమె మెడకు చుట్టుకుంది. చాచా చెప్పిన మాట ఇదే. నేను దాన్ని హదీసు పాఠంలో చాలాసార్లు చదివాను. అర్థమైంది మాత్రం ఆ పాకలో.

2016 చలికాలంలో చాచాకు జబ్బు చేసింది. చాచీ అంతకు ముందే పోయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు సెంటర్లో ఆటో నడుపుతాడు, చిన్నవాడు కువైట్‌లో ఉన్నాడు, అమ్మాయిని రాజోలులో ఇచ్చారు. చూడ్డానికి వెళ్ళిన రోజున చాచా నా చేయి పట్టుకుని, ‘‘మోతీని ఊరేగింపుల వాళ్ళకి మాత్రం ఇవ్వొద్దని చెప్పు బేటా. టపాకాయలంటే దానికి భయం’’ అన్నాడు. చెబుతాను చాచా అన్నాను. మూడో రోజు ఆయన కన్నుమూశాడు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జనాజా నమాజు నేనే చేయించాను.

రెండు వారాల తర్వాత పెద్దకొడుకు పిలిపించాడు. చిన్నవాడు ఫోన్లో ఉన్నాడు. చెల్లెలు లోపల తెర వెనక కూర్చుంది. ఉలవల ధర పెరిగింది, గడ్డి కోసుకునే చోటు లేదు, ఆటో కిస్తీలు కట్టాలి, మోతీని ఎవరు సాకుతారు? పాలకొల్లు వైపు నుంచి ఊరేగింపులకు గుర్రాలు పెట్టే ఆయన ఒకరు పన్నెండు వేలు ఇస్తానంటున్నాడు. ‘‘నాన్న ఇవ్వొద్దన్నాడని మీరే చెప్పారు కదా మౌలానా. అది వసీయతు కిందికి వస్తుందా?’’ అని అడిగాడు.

మంచి ప్రశ్న, తేలికైన జవాబు. వసీయతు అంటే ఆస్తిలో మూడోవంతు లోపు దేన్నైనా, లేదా దాని ప్రయోజనాన్ని, వారసుడు కాని వేరొకరికి చెందేలా చెప్పడం. అమ్మవద్దు అన్న కోరిక ఎవరికీ ఏదీ ఇవ్వడం కాదు. గుర్రం తరికాలో భాగం, వారసుల సొత్తు. ఐదు వాటాలు వేసి కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి. అమ్ముకునే హక్కు మీకుంది. ఐదు నిమిషాల్లో తేల్చేశాను. టీ వచ్చింది.

తెర వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. ‘‘మరి దానికేమీ లేదా, భాయ్?’’

నేను నవ్వాను. ‘‘జంతువుకు వారసత్వం ఉండదమ్మా’’ అన్నాను. అరుగు మీద ఉన్నవాళ్ళూ నవ్వారు. లోపల నుంచి మళ్ళీ మాట రాలేదు.

మోతీ వెళ్ళిపోయింది. నాలుగు వేల ఎనిమిది వందల చొప్పున అన్నదమ్ములకు, రెండు వేల నాలుగు వందలు ఆమెకు. ఆడపిల్ల వాటా అణా పైసలతో సహా ఇప్పించానని నాకు లోలోపల సంతృప్తి కూడా కలిగింది. మన కోనసీమలో కొబ్బరి తోటల విషయంలో అక్కచెల్లెళ్ళకు ఏం జరుగుతోందో తెలిసినవాళ్ళు నా సంతృప్తిని అర్థం చేసుకుంటారు.

ఏడాది గడిచింది. 2017 చివర్లో పాలకొల్లు దగ్గర ఒక నికాహ్ చదివించడానికి వెళ్ళాను. ఇషా తర్వాత ఊరేగింపు వచ్చింది. జనరేటరు, బ్యాండు, నెత్తి మీద ట్యూబులైట్లు మోసే ఆడవాళ్ళు, మధ్యలో తళుకుల గుడ్డ కప్పిన గుర్రం. నుదుట తెల్లచుక్క చూసి దగ్గరికి వెళ్ళాను. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. జీను కింద పుండు, దాని మీద పసుపు అద్ది ఉంది. చెవులు వెనక్కి వాల్చి ఉంది. ఎవరో మాల టపాకాయలు అంటించారు. అది ఎగరలేదు, పరుగెత్తలేదు, నాలుగు కాళ్ళూ నేలకు బిగించి వణికింది. పగ్గం ఇద్దరి చేతుల్లో ఉంది. ‘మోతీ’ అన్నాను. చెవి ఒకటి నా వైపు తిరిగింది.

యజమాని చెడ్డవాడేమీ కాదు. ‘‘ఆయ్, సీజను నాలుగు నెలలండి మౌలానా గారూ. మిగతా ఎనిమిది నెలలు దీని తిండి ఎవరు పెడతారండి?’’ అన్నాడు. ఆ లెక్కలో నాకు తప్పు కనబడలేదు. మేమందరం లెక్కలు సరిగ్గానే వేశాం. నేను నికాహ్ చదివించాను, బిర్యానీ తిన్నాను, చించినాడ వంతెన దాటి ఇంటికొచ్చాను.

ఆ రాత్రి హిదాయా తీశాను. మదరసాలో ఏళ్ళ తరబడి చదివిన పుస్తకం, ఆ పేజీ మీద పరీక్ష కూడా రాశాను. పోషణ ఖర్చుల అధ్యాయం చివర, బానిసల తర్వాత, జంతువుల ప్రస్తావన వస్తుంది. జంతువును పోషించమని యజమానిని ఖాజీ బలవంతం చేయడు. ఎందుకంటే ఖాజీ ముందు హక్కు కోరే అర్హత జంతువుకు లేదు. కానీ యజమానికీ అల్లాహ్‌కూ మధ్య మాత్రం ఆ పోషణ విధి. ఫిఖహ్ పండితులు దీన్ని ‘ఖజా’, ‘దియానత్’ అని రెండుగా చెబుతారు. ఒకటి న్యాయస్థానం అడిగేది, రెండోది అల్లాహ్ అడిగేది. ఇమామ్ అబూ యూసుఫ్ మాత్రం ఖాజీ బలవంతం చేస్తాడనే అన్నారు. తక్కిన ముగ్గురు ఇమాములదీ అదే మాట. మన హనఫీ పండితుల్లోనే ఇమామ్ తహావీ, ఇబ్నుల్ హుమామ్ ఆయన అభిప్రాయానికే బలం ఇచ్చారు. మన దేశంలో 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం కూడా, జంతువును కట్టి ఉంచుకుని తిండీ నీళ్ళూ పెట్టని యజమానిని దోషిగానే చూస్తుంది.

అంటే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. ‘వాటా లేదమ్మా, కానీ హక్కు ఉంది. మీ ముగ్గురి మీదా ఉంది. అమ్మే హక్కు మీదే అయినా ఎవరికి అమ్ముతున్నారో చూడాల్సిన బాధ్యత అల్లాహ్ ముందు మీకుంది. ఆ మాట నా ద్వారా చెప్పించాడు కాబట్టి నాకూ ఉంది.’ ఇంత చెప్పడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టేది. నేను ఖాజీ అడిగేదానికి జవాబు చెప్పి, ఆమె అడిగినదానికి నవ్వాను. వాళ్ళు నన్ను పిలిచింది మౌలానా అని. ఖాజీ దగ్గరికి పోదలచుకుంటే రాజోలు కోర్టుకే పోయేవారు.

పాఠకుల్లో కొందరికి ఒక సందేహం రావచ్చు. ఆకలితో ఉన్న మనుషులుండగా గుర్రం గురించి ఇంత అవసరమా అని. పెద్దకొడుకు ఆటో కిస్తీ కూడా నిజమే, దాన్ని నేను తేలిక చేయడం లేదు. కానీ మన ప్రవక్త (స) ఒక అన్సారీ తోటలోకి వెళ్ళినప్పుడు, అక్కడి ఒంటె ఆయనను చూసి కన్నీరు కార్చిందని, ఆయన దాని తల నిమిరి, యజమానిని పిలిపించి, ఇది నీవు పస్తులు పెడుతున్నావనీ అలసిపోయేలా పని చేయిస్తున్నావనీ నాతో చెప్పుకుంది అని మందలించారని అబూ దావూద్‌లో ఉంది. మదీనాలో పేదలు లేకనా? ప్రళయదినాన కొమ్ముల మేక మీద కొమ్ములు లేని మేకకు కూడా న్యాయం ఇప్పిస్తారని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. హక్కు అడిగే అర్హత జంతువుకు లేదన్న మాట ఈ లోకపు ఖాజీ వరకే.

గుర్రాలు ముగ్గురికి మూడు రకాలని ప్రవక్త (స) వివరించిన హదీసు బుఖారీలో ఉంది. ఒకరికి పుణ్యం, ఒకరికి ఆచ్ఛాదన, ఒకరికి భారం. అల్లాహ్ మార్గం కోసం పెంచినవాడు మొదటివాడు, గొప్ప కోసం, అహంకారం కోసం పెంచినవాడు మూడోవాడు. వీళ్ళిద్దరి గురించే మనం ఎక్కువ మాట్లాడతాం. మధ్యవాడు ఎవరి ముందూ చేయి చాపకుండా బతకడానికి గుర్రాన్ని కట్టుకుని, దాని మెడ మీదా వీపు మీదా ఉన్న అల్లాహ్ హక్కును మరవనివాడు. ఆ హదీసు చదివినప్పుడల్లా నాకు చల్లారిన గుగ్గిళ్ళలో చేయి పెట్టి చూసే మనిషి కనిపిస్తాడు.

హజ్రత్ ఉమర్ (రజి) ఒక గుర్రాన్ని అల్లాహ్ మార్గంలో ఇచ్చేశారు. తీసుకున్నవాడు దాన్ని సరిగ్గా చూసుకోలేదు. అది తెలిసి తిరిగి కొనాలనుకున్నారు. దానం చేసినదాన్ని తిరిగి తీసుకోవద్దని ప్రవక్త (స) వారించారు. ఈ హదీసును దానం అధ్యాయంలో పాఠంగా చెప్పడం మామూలే. నేనూ చెప్పాను. ఇప్పుడు మాత్రం నిబంధన దగ్గరికి పోకముందే, ఆ గుర్రం పాడైపోతోందని ఉమర్ (రజి) మనసు ఆగకపోవడం దగ్గర నేనే ఆగిపోతున్నాను. మోతీని మేము దానం చేయలేదు, అమ్మాం. కాబట్టి తిరిగి కొనడానికి అడ్డేమీ లేదు. యజమాని పదిహేను వేలు చెప్పి ఉన్నాడు. ఇమాము దగ్గర ఎంత ఉంటుందో మీకు తెలుసు.

రాజోలు వెళ్ళి ఆ అమ్మాయికి విషయం చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి రెండు వేల నాలుగు వందలు తెచ్చి భర్త చేతికిచ్చి, నాకిమ్మంది. ముడి విప్పలేదు. ‘‘ఇది నాది కాదు భాయ్, దానిదే’’ అంది. పెద్దకొడుకు తలొంచుకుని మూడు వేలు ఇచ్చాడు. చిన్నవాడు కువైట్ నుంచి పంపాడు. నేను కొంత కలిపాను. ఇదంతా అయ్యేసరికి పది, పన్నెండు రోజులు పట్టింది. పాలకొల్లు వెళ్తే, సీజను అయిపోయిందని మోతీని ఎవరికో ఇచ్చేశానని అతను చెప్పాడు. ఆ ఎవరో దాన్ని ఇంకెవరికో ఇచ్చాడు. తణుకు వరకు వెళ్ళి వాకబు చేశాం. దొరకలేదు.

ఎవరి డబ్బు వారికి తిరిగి ఇచ్చేశాను. ఆ అమ్మాయి మాత్రం పుచ్చుకోలేదు. షరీఅతు ప్రకారం అది ఆమెదేనని మళ్ళీ చెప్పబోయి, ఈసారి ఆగాను. ఏం చేయమంటావమ్మా అని అడిగాను. ఆలోచించి, మసీదు బయట నీళ్ళ తొట్టి కట్టించమంది. ఇటుక, సిమెంటు ఆ డబ్బుతోనే సరిపోయాయి. మేస్త్రి కూలి తీసుకోలేదు, చిన్నప్పుడు చాచా జట్కాలో బడికి వెళ్ళినవాడు. మేకలు, ఊరి ఆవులు, కాకులు తాగుతాయి. ఎండాకాలం ఒకసారి అసర్‌కు వెళ్తూ చూస్తే తొట్టి ఎండిపోయి ఉంది, పక్కన ఒక దూడ అడుగు నాకుతోంది. మౌజన్ ఊరెళ్ళాడట, ఎవరికి వారు వేరొకరు నింపుతారనుకున్నారు. ఆ రోజు నుంచి వంతులు వేసుకున్నాం. ఆదివారం నాది.